టోనీ స్టోన్: పురుషుల బేస్‌బాల్ జట్టులో రెండో బేస్ కాచిన మహిళ

1953 వేసవి. అమెరికాలోని నల్లజాతి బేస్‌బాల్ జట్లు బస్సుల్లో ఊరూరా తిరుగుతూ ఆడుతున్న రోజులవి. ఇండియానాపొలిస్ క్లౌన్స్ జట్టు బస్సులో ఆటగాళ్లతో పాటు ఒక మహిళ కూడా ప్రయాణిస్తున్నారు. రాత్రి బస కోసం బస్సు ఆగిన చోట లాడ్జి యజమానులు ఆమెను ఎగాదిగా చూసేవారు. ఇంతమంది మగవాళ్ల వెంట తిరిగే స్త్రీ ఎలాంటిదో తమకు తామే తేల్చుకుని, గది లేదని చెప్పి, ఊళ్లోని వేశ్యాగృహానికి దారి చూపేవారు. ఆమె అక్కడికే వెళ్లారు. ఆ ఇంటి స్త్రీలు ఆమెకు భోజనం పెట్టి, పడుకోవడానికి చోటిచ్చారు. కొన్నిసార్లు దారి ఖర్చులకు డబ్బు కూడా ఇచ్చారు. తరువాతి ప్రయాణాల్లో ఆమె చాలాచోట్ల అలాంటి ఇళ్లలోనే బస చేశారు.

ఆమె పేరు టోనీ స్టోన్. నీగ్రో లీగ్స్ అని ఆ కాలంలో పిలిచిన వృత్తిపరమైన పోటీల్లో, పురుషుల జట్టులో క్రమం తప్పకుండా ఆడిన తొలి మహిళ.

తల్లిదండ్రులు పెట్టిన పేరు మార్సీనియా లైల్ స్టోన్. 1921 జులై 17న వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని బ్లూఫీల్డ్‌లో జన్మించారు. బొగ్గు గనుల మధ్య రైలు మార్గం చుట్టూ ఎదిగిన పట్టణం అది. తండ్రి బాయ్‌కిన్ స్టోన్ క్షౌరవృత్తిలో ఉండేవారు. బానిసత్వం రద్దయిన తరువాత నల్లజాతి యువతకు చదువూ చేతిపనీ నేర్పడానికి వెలసిన టస్కీగీ విద్యాసంస్థలో ఆయన చదువుకున్నారు. తల్లి విల్లా స్త్రీల కేశాలంకరణ చేసేవారు. 1931లో, మార్సీనియాకు పదేళ్ల వయసులో, ఆ కుటుంబం ఉత్తరాదిన మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరానికి తరలిపోయింది. అక్కడ నల్లజాతి కుటుంబాలు కూడి నివసించే రోండో పేటలో తల్లిదండ్రులు తమ వృత్తినే కొనసాగించారు.

చదువు విలువ తెలిసిన ఇల్లది. నలుగురు పిల్లలూ చదువుకుని గౌరవమైన ఉద్యోగాల్లో స్థిరపడాలని ఆ దంపతుల ఆశ. మార్సీనియా మనసు మాత్రం బడిలో నిలవలేదు. పేటలోని పిల్లలు ఆమెను టాంబాయ్ అని పిలిచేవారు. మగరాయుడు అన్న మాటకు దగ్గరి అర్థం ఇచ్చే పిలుపు. ఈ ఆట పిచ్చి మాన్పించమని తల్లిదండ్రులు స్థానిక క్యాథలిక్ చర్చి గురువు ఫాదర్ చార్లెస్ కీఫ్‌ను బతిమాలుకున్నారు. ఆయన ఆ అమ్మాయితో మాట్లాడారు. మాట్లాడి, చర్చి తరఫున ఆడే బాలుర జట్టులో చేరమని ఆహ్వానించారు! తల్లిదండ్రులు కోరిందొకటి, జరిగింది మరొకటి.

ఆ రోజుల్లో సెయింట్ పాల్ సెయింట్స్ జట్టుకు మేనేజరుగా ఉన్న గ్యాబీ స్ట్రీట్ సామాన్యుడు కాదు. 1931లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ను వరల్డ్ సిరీస్ విజేతగా నిలిపినవాడు. ఆయన తెల్లజాతి బాలుర కోసం నడుపుతున్న శిక్షణ శిబిరం దగ్గరకు ఈ నల్లజాతి బాలిక రోజూ వచ్చి నిలబడేది. పొమ్మంటే పోయి మళ్లీ వచ్చేది. చివరికి విసుగుతోనో ముచ్చటపడో ఒకసారి ఆడి చూపించమన్నారాయన. ఆట చూశాక శిబిరంలోకి రానిచ్చారు. పదిహేనో పుట్టినరోజుకు ఆమెకు అడుగున మేకులుండే బేస్‌బాల్ బూట్లు బహూకరించారు. మరుసటి ఏడాదికల్లా ఆమె ట్విన్ సిటీ కలర్డ్ జెయింట్స్ అనే సంచార జట్టులో పెద్దవాళ్లతో కలసి ఆడుతున్నారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సోదరిని వెతుక్కుంటూ శాన్‌ఫ్రాన్సిస్కో చేరుకున్నప్పుడు ఆమె జేబులో చిల్లర డబ్బులే ఉన్నాయి. టోనీ అన్న పేరు ఆ నగరంలోనే స్థిరపడింది. అక్కడ అమెరికన్ లీజియన్ జట్టులో చేరే అవకాశం వచ్చింది కానీ, అది పదిహేడేళ్ల లోపు వారి కోసం ఏర్పాటైనది. ఆమె తన వయసులో ఏకంగా పదేళ్లు తగ్గించుకున్నారు. అప్పటి నుంచి చాలాకాలం పత్రికలు ఆమె పుట్టిన సంవత్సరం 1931 అనే రాస్తూ వచ్చాయి. అబద్ధమే, సందేహం లేదు. అయితే ఇరవైలు దాటిన నల్లజాతి మహిళకు ఆడే చోటు చూపించే తలుపు ఆనాడు వేరే ఏదీ లేదు.

మహిళల లీగ్ ఒకటి లేకపోలేదు. 1943లో చూయింగ్ గమ్ వ్యాపారి ఫిలిప్ రిగ్లీ ప్రారంభించిన ఆల్ అమెరికన్ గర్ల్స్ లీగ్ 1954 దాకా నడిచింది. అందులో క్రీడాకారిణులు పొట్టి గౌన్లు ధరించి ఆడేవారు, నడకా నడవడికా నేర్పే తరగతులకు హాజరయ్యేవారు. పన్నెండేళ్లలో ఒక్క నల్లజాతి మహిళకూ అందులో చోటు దక్కలేదు. 1992లో వచ్చిన ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్ చిత్రం ఈ లీగ్ గురించే. అందులో ఒక నల్లజాతి మహిళ మైదానం అంచు నుంచి బంతిని బలంగా విసిరి తన దారిన తాను వెళ్లిపోయే దృశ్యం కొన్ని క్షణాలు మాత్రమే ఉంటుంది. చెప్పని కథంతా ఆ కొద్ది క్షణాల్లోనే ఉంది.

1949లో టోనీ శాన్‌ఫ్రాన్సిస్కో సీ లయన్స్ జట్టుతో పర్యటనకు బయలుదేరారు. తనకు మగవాళ్లకన్నా తక్కువ ముడుతోందని తెలియగానే దారి మధ్యలోనే ఆ జట్టును వదిలి న్యూ ఆర్లీన్స్ క్రియోల్స్‌లో చేరారు. 1950లో ఓరీలియస్ అల్బర్గాను వివాహమాడారు. వయసులో ఆమెకన్నా మూడు దశాబ్దాలకు పైగా పెద్దవాడైన ఆయన, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యాధికారి హోదా పొందిన తొలితరం నల్లజాతి వారిలో ఒకరు. భార్య ఆటకు వెళ్లడం ఆయనకు అంతగా నచ్చేది కాదు.

అవకాశం తలుపు తట్టింది 1953లో. దాని వెనుక ఒక విషాదం ఉంది. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి వర్ణవివక్షను ఛేదించారు. ఆయన వెనుకే మేటి ఆటగాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయారు, ప్రేక్షకులూ వారి వెంటే వెళ్లారు. నీగ్రో లీగ్స్ గ్యాలరీలు ఖాళీ అయ్యాయి. క్లౌన్స్‌కు 1952లో ఆడిన హాంక్ ఆరన్‌ను బోస్టన్ బ్రేవ్స్ కొనుక్కుంది. జనాన్ని రప్పించడానికి జట్టు యజమాని సిడ్ పొలాక్‌కు కొత్త ఆకర్షణ కావలసి వచ్చింది. అంటే, ఇల్లు ఖాళీ అవుతున్నప్పుడు ఆమెకు తలుపు తెరిచారు.

పొలాక్ ఆమెకు 12 వేల డాలర్ల జీతమని పత్రికల్లో చాటించారు. నిజంగా ఇచ్చింది అందులో కొద్ది భాగమే. గౌను ధరించి ఆడమని కూడా సూచించారు. ఆమె ససేమిరా అన్నారు. మగవాళ్లు వేసుకునే దుస్తులతోనే రెండో బేస్ దగ్గర నిలబడ్డారు.

క్రికెట్‌కు అలవాటుపడిన మనకు ఆ స్థానం ప్రమాదం వెంటనే తట్టకపోవచ్చు. బేస్‌ను అందుకోవడానికి ప్రత్యర్థి కాళ్లు ముందుకు చాచి నేలమీద జారుకుంటూ దూసుకొస్తాడు. అతని బూట్ల కింద మేకులుంటాయి. బంతి పట్టిన ఫీల్డర్ కదలకుండా నిలబడి అతన్ని తాకాలి. ఆడది కదా అని తగ్గేవాళ్లు కొందరైతే, ఆడది కాబట్టే మరింత కసిగా మేకులు గుచ్చేవాళ్లు మరికొందరు. సొంత జట్టులోనూ కొందరు కావాలనే బంతిని ఆలస్యంగా, ఆమె దెబ్బతినేలా అందించేవారు. ఆ గాయాల మచ్చలను ఆమె వృద్ధాప్యంలో గర్వంగా చూపేవారు.

ఆ ఏడాది 50 మ్యాచ్‌ల్లో ఆమె బ్యాటింగ్ సగటు .243 అని ప్రచారంలో ఉన్న లెక్క. అంటే సుమారు నాలుగు ప్రయత్నాలకు ఒక హిట్. ప్రదర్శన కోసమని ఆమెను తొలి కొన్ని ఇన్నింగ్స్ ఆడించి పక్కన కూర్చోబెట్టడం మామూలుగా జరిగేది. ప్రఖ్యాత పిచర్ సాచెల్ పేజ్ బంతిని ఒకసారి కొట్టానని, తన జీవితంలో అంతటి ఆనందం మరొకటి లేదని ఆమె చెప్పుకునేవారు. పరిశోధకులు ఆ మాటను అనుమానిస్తారు. వయసు దాచిన మనిషి మరొకటి కల్పించి ఉండవచ్చు కూడా. అయినా ఆమె ఆటకు ఆ కథ అవసరం లేదు.

క్లౌన్స్ తరువాత పిచర్ మేమీ జాన్సన్‌ను, కానీ మోర్గన్‌ను చేర్చుకుంది. రెండో బేస్ మోర్గన్‌కు దక్కింది. టోనీని 1954లో కాన్సస్ సిటీ మోనార్క్స్‌కు అమ్మేశారు. పేరున్న ఆ జట్టులో ఆమె ఎక్కువ రోజులు బెంచీ మీదే గడిపారు. ఆ సీజన్ ముగియగానే వృత్తి క్రీడ నుంచి తప్పుకున్నారు. మహిళలతో ఒప్పందాలు చేసుకోరాదని మైనర్ లీగ్స్ 1952లోనే నిషేధం విధించి ఉన్నందున మరో దారీ లేదు.

తరువాతి దశాబ్దాలు కాలిఫోర్నియాలోని ఆక్లాండ్‌లో నర్సుగా, భర్తకు తోడుగా గడిచాయి. నూరేళ్లు దాటి జీవించిన అల్బర్గాకు చివరిదాకా సేవ చేశారు. 1990లో సెయింట్ పాల్ నగరం మార్చి 6ను టోనీ స్టోన్ దినంగా ప్రకటించింది. 1993లో అంతర్జాతీయ మహిళా క్రీడా ప్రముఖుల జాబితాలో ఆమె పేరు చేరింది. 1996 నవంబర్ 2న, 75 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని అలమీడాలో కన్నుమూశారు.

2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ నీగ్రో లీగ్స్‌కు మేజర్ లీగ్ హోదా ఇచ్చింది. 2024లో ఆ గణాంకాలను తన రికార్డుల్లో కలిపింది. అయితే ఆ గుర్తింపు 1920 నుంచి 1948 వరకే. టోనీ స్టోన్ ఆడిన 1953, 1954 సంవత్సరాలు ఆ పరిధికి వెలుపలే ఉన్నాయి.

ఆమె పెరిగిన రోండో పేటనూ హైవే నిర్మాణం కోసం 1950, 60ల్లో చీల్చివేశారు. వందలాది ఇళ్లూ దుకాణాలూ నేలమట్టమయ్యాయి. ఆ పేటకు దగ్గరలోని డన్నింగ్ క్రీడా ప్రాంగణంలో మాత్రం ఒక బేస్‌బాల్ మైదానం ఉంది. దానికి టోనీ స్టోన్ ఫీల్డ్ అని పేరు పెట్టారు.