తమ్ముడి పక్కన కూర్చుని చదువు నేర్చిన అచ్చమాంబ గారు

 

ఈ నెల ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు పీరియడ్లలో ‘ధనత్రయోదశి’ అనే కథ చదివిస్తున్నాం. రాసినవారు భండారు అచ్చమాంబ గారు. 1902 నవంబరులో ‘హిందూ సుందరి’ అనే స్త్రీల పత్రికలో వచ్చింది. పాఠ్యపుస్తకంలో లేని కథ ఎందుకు, పరీక్షలో వస్తుందా అని కొందరు అడిగారు. రాదండీ. ఎందుకు చదివిస్తున్నామో తెలియాలంటే ముందు ఆవిడ సంగతి తెలియాలి.

అచ్చమాంబ గారు 1874లో కృష్ణా జిల్లా నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. ఆరేళ్లప్పుడు తండ్రి పోయారు. పదేళ్లకు భండారు మాధవరావు గారితో పెళ్లయింది. ఆయన ఉద్యోగం అప్పటి మధ్యపరగణాల్లో. దాంతో ఆవిడ కాపురం తెలుగునేలకు దూరంగా, నాగపూర్, బిలాస్‌పూర్ వైపు సాగింది. అంటే మనలాగే, చుట్టూ వేరే భాష వినిపించే ఊళ్లలో. బడికి పోయింది లేదు.

తల్లి, తమ్ముడు కూడా ఆవిడ దగ్గరికే వచ్చి ఉన్నారు. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు గారు, తర్వాత విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టి తెలుగువాళ్లకు చరిత్ర, సైన్సు పుస్తకాలు అందించిన మనిషి. నాగపూర్‌లో ఆ కుర్రవాడు రాత్రిళ్లు చదువుకుంటుంటే అక్క పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకుంది. భార్య చదువుకోవడం భర్తకు మొదట్లో నచ్చలేదు. అయినా ఆగలేదు. తనకంటే మూడేళ్లు చిన్నవాడి దగ్గర నేర్చుకోవడానికి ఆవిడ నామోషీ పడలేదన్నది నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ చదవడం రాదండీ అని నాతో చెప్పే తల్లులు ఈ మాట గమనించాలి. మీ ఏడో తరగతి పిల్ల మీకు నేర్పగలదు.

కన్నబిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖంలో అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచారు, చదివించారు. మన దేశపు స్త్రీల జీవితచరిత్రలు సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. ఆడవాళ్లకు చదువు అబ్బదు అనేవాళ్లకు అది సమాధానం. 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం ఏర్పాటులో ఉన్నారు. అదే కాలంలో కథలూ రాశారు. అన్నీ చిన్నవే. ‘స్త్రీ విద్య’ అనే కథయితే మొత్తం భార్యాభర్తల సంభాషణే.

ఇక ‘ధనత్రయోదశి’. బీద కుటుంబం. పండుగ పూట భర్త తనది కాని డబ్బు ఇంటికి తెస్తాడు. భార్య ఒప్పుకోదు. కథ ఇంతే. నీతి ఏమిటి అని అడిగితే దొంగతనం చేయకూడదు అని క్లాసంతా ఒక్క గొంతుతో అంటారు, అక్కడితో పాఠం అయిపోతుంది. అందుకే ఆ ప్రశ్నను చివరికి నెట్టాం. ముందు అడిగేది, ఈ కథ మామూలు రోజున ఎందుకు జరగలేదు? అని. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చెప్పింది: ఆ రోజు అందరూ ఇంటికి లక్ష్మి రావాలని పూజ చేస్తారు కదా సార్, ఈ ఇంటికి నిజంగానే వచ్చింది, కానీ ఈవిడ వద్దంది. విశ్లేషణ అంటే ఇదే. పెద్ద పదాలు అక్కర్లేదు.

రెండో ప్రశ్న: ఆ భర్త చెడ్డవాడా? దీనిమీద ఒక పీరియడంతా వాదించుకున్నారు. ప్రతివాడూ కథలోంచి ఒక వాక్యం వేలుపెట్టి చూపించాలి, చూపించలేకపోతే కూర్చోవాలి అని నియమం పెట్టాం. అరుస్తున్నవాళ్లు కూడా పుస్తకం తిరగేశారు. భార్య భర్తను ఎక్కడా ఎందుకు దొంగ అనలేదో చూడమని ఒకడు మిగతావాళ్లను నిలదీశాడు. నేను అడగాల్సిన ప్రశ్న వాడే అడిగాడు.

తెలుగులో మొదటి కథ ఇదా, 1910లో వచ్చిన గురజాడ వారి ‘దిద్దుబాటు’నా అని పండితులు ఇప్పటికీ తర్కిస్తారు. తొమ్మిదో తరగతికి రెండూ ఇచ్చి పోల్చమందాం. చిన్నవాళ్లకు ఆ గొడవ వద్దు. భాష మాత్రం పాతది, ‘చేసెను’, ‘పలికెను’ తరహా. రెండుసార్లు పైకి చదివితే పట్టుబడుతుంది.

ప్లేగు వచ్చినప్పుడు రోగులకు సేవచేస్తూ అచ్చమాంబ గారికి ఆ జబ్బే సోకింది. 1905 జనవరి 18న పోయారు. ముప్ఫై ఏళ్లు.

కథ జిరాక్స్ ప్రతి ప్రతి పిల్లవాడి సంచిలో పెట్టి పంపుతున్నాం. శనివారంలోగా ఇంట్లో ఒకసారి పైకి చదివించుకోండి. విన్నవాళ్లు ఒక ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నను పిల్లలు నోటుబుక్కులో రాసుకుని రావాలి. జవాబు రాయనక్కర్లేదు. సోమవారం క్లాసులో ఆ ప్రశ్నలతోనే మొదలుపెడతాం.

ప్రధానోపాధ్యాయుడు