త్రీ నాట్ త్రీ మీద మిగిలిన ఒక్క అక్షరం

పోలీసు స్టేషన్లలో దశాబ్దాలపాటు కనిపించిన త్రీ నాట్ త్రీ రైఫిల్ తెలియని తెలుగువారు అరుదు. దాని యంత్రాంగాన్ని రూపొందించిన మనిషి పేరు మాత్రం చాలామందికి తెలియదు. నిజానికి ఆ పేరు తుపాకీ మీదే ఉంది, ‘ఎల్’ అనే ఒక్క అక్షరంగా.

జేమ్స్ పారిస్ లీ 1831లో స్కాట్లాండ్‌లోని హావిక్‌లో పుట్టారు. ఐదేళ్ల వయసులో కుటుంబం కెనడాకు వలస వెళ్లింది. తండ్రి గడియారాల పనివాడు. లీ కూడా అదే పని నేర్చుకున్నారు. తర్వాత అమెరికాలోని విస్కాన్సిన్ చేరారు. అంతర్యుద్ధం చివర్లో వెయ్యి తుపాకులకు ప్రభుత్వ ఆర్డరు దక్కింది. కానీ గొట్టం కొలతలో తేడా రావడంతో ఒప్పందం రద్దయింది.

ఆయన పేరు నిలబెట్టింది 1879 నాటి పేటెంట్. బోల్టు కింద పెట్టెలాంటి మేగజైన్ అమర్చి, అందులో తూటాలను ఒకదానిపై ఒకటి పేర్చారు. స్ప్రింగు వాటిని పైకి నెడుతుంది. దీన్ని బ్రిటన్ 1888లో స్వీకరించింది. గొట్టం లోపలి గాళ్లు విలియం మెట్‌ఫర్డ్‌వి కావడంతో రైఫిల్‌కు లీ-మెట్‌ఫర్డ్ అని పేరు పెట్టారు. కొత్తగా వచ్చిన కార్డైట్ మందు వేడికి ఆ గాళ్లు త్వరగా అరిగిపోయేవి. 1895లో ఎన్‌ఫీల్డ్ గాళ్లు వచ్చాయి, మెట్‌ఫర్డ్ పేరు పోయింది. లీ పేరు మిగిలింది.

1904లో లీ అమెరికాలోని కనెక్టికట్‌లో కన్నుమూశారు. కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ కర్మాగారం ఆయన రైఫిల్‌ను తయారుచేయడం ఆ తర్వాతి మాట. అక్కడి పాత తుపాకీ కుడివైపు, వెనుక కర్ర మొదలయ్యేచోట ఉన్న ఉక్కు పట్టీ చూస్తే దాని పుట్టుక తెలుస్తుంది. కిరీటం, దాని కింద చక్రవర్తి జార్జ్‌ను సూచించే ‘జీఆర్ఐ’, కర్మాగారం పేరు ‘ఇషాపూర్’, తయారైన సంవత్సరం ఉంటాయి. ‘ఎస్‌హెచ్‌టీ ఎల్ఈ’ అంటే పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్.

బోల్టు మీది సంఖ్య, తుపాకీ సంఖ్య ఒకటేనా అన్నది ఇంకా ముఖ్యం. ప్రతి బోల్టునూ దాని తుపాకీకే సరిపోయేలా అమర్చేవారు. వేరేదాని బోల్టు పెట్టి, సందు కొలవకుండా కాలిస్తే తూటా తొడుగు పగిలి, కాల్చినవాడికే ప్రమాదం.

స్వాతంత్ర్యం తర్వాత కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు వచ్చాయి. 1960లలో ఇషాపూర్ 7.62 ఎంఎం తూటాకు తగ్గ 2ఏ రైఫిల్ చేసింది. దాని పట్టీ మీద ‘ఎల్’ లేదు. లోపలి బోల్టు, మేగజైన్ల పద్ధతి మాత్రం లీ ఇచ్చిందే.