డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్

భీంరావ్ రాంజీ అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో జన్మించారు. వారిది ఆనాడు అంటరానిదిగా చూసిన మహర్ కులం. బడిలో ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చునేవారు. దాహం వేస్తే, బంట్రోతు నీళ్లు పోస్తేనే తాగాలి.

బరోడా మహారాజు ఇచ్చిన ఉపకారవేతనంతో ఆయన 1913లో అమెరికా వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో, తరువాత లండన్‌లో చదివారు. విదేశాల్లో ఉన్నంతకాలం తాను అంటరానివాడినన్న సంగతే మరచిపోయారు.

1917లో ఉద్యోగం కోసం బరోడా వచ్చారు. ఉండటానికి చోటు దొరకక, పార్సీ పేరు పెట్టుకొని ఒక పార్సీ సత్రంలో దిగారు. కొద్దిరోజులకు అసలు సంగతి బయటపడింది. కొందరు కర్రలతో వచ్చి, సాయంత్రంలోగా ఖాళీ చేయాలని బెదిరించారు. ఇద్దరు మిత్రులను అడిగినా ఆశ్రయం దొరకలేదు. చాలాసేపు ఒక తోటలో కూర్చుని, ఆ రాత్రే రైలులో బొంబాయి వెళ్లిపోయారు. ఆయన చదువు, ఉద్యోగం అవే. కులం తెలియగానే ఎదుటివారి చూపు మారింది.

1947లో ఆయన రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షులయ్యారు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ప్రభుత్వం వివక్ష చూపరాదని చెబుతుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అంబేద్కర్ 1956 డిసెంబరు 6న మరణించారు.

ఆలోచించండి: కొత్తవారు కలిసినప్పుడు మీరు ముందుగా ఏమి అడుగుతారు? ఎందుకు?