పట్టాభి సీతారామయ్యగారి పోస్టుకార్డు

కృష్ణానది సముద్రమున గలియు సీమలో మచిలీపట్టణము ప్రాచీనమైన రేవుపట్టణము. దీనినే బందరు అందురు. ఈ పట్టణమును తమ కార్యరంగముగా జేసికొని దేశసేవ చేసిన మహనీయులలో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఒకరు. వారు వైద్యులు, దేశభక్తులు, గ్రంథకర్తలు, బ్యాంకు స్థాపకులు. ఇన్ని ఘనకార్యములు చేసిన ఆ మహాశయులు ఉత్తరము వ్రాయవలసి వచ్చినప్పుడు మాత్రము మిక్కిలి చవుకయైన పోస్టుకార్డునే వాడెడివారు.

సీతారామయ్యగారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన ఏలూరునకు సమీపముననున్న గుండుగొలను గ్రామమున జన్మించిరి. చిన్ననాటనే తండ్రి గతించెను. ఇంట బీదరికము నిలిచెను. అయినను వారు పట్టుదలతో చదివి, మద్రాసులో వైద్యపట్టమును బొంది, బందరులో వైద్యవృత్తి నారంభించిరి. మంచి రాబడి గల ఆ వృత్తిని కొన్ని సంవత్సరములకే విడిచి, దేశసేవకు తమ జీవితమును అంకితము చేసిరి.

వారు పుట్టుటకు ముందటి సంవత్సరమే, అనగా 1879లో, మన దేశమున పోస్టుకార్డు వెలసెను. దాని వెల కాలణా. కార్డుపై తపాలా బిళ్ల ముందే ముద్రింపబడి యుండును. 1922లో కార్డు రుసుము అర్ధణా అయ్యెను. ఇట్లు రుసుము పెరిగినప్పుడు పాత కార్డును పారవేయ నక్కరలేదు. ప్రక్కన మరియొక కాలణా బిళ్ల నంటించిన చాలును. రెండు కాలణాలు కలిసి అర్ధణా యగును. బరువైన కవరునకును ఇదియే పద్ధతి. చిన్న బిళ్లలను గూర్చి కావలసిన మొత్తమును సమకూర్చవచ్చును. అట్లుగాక తక్కువ బిళ్ల నంటించి పంపినచో, ఆ కొరతకు రెట్టింపు సొమ్మును ఉత్తర మందుకొనువాడు చెల్లింపవలసి వచ్చెడిది. ఒకని అశ్రద్ధ మరియొకనికి దండుగ!

చిన్న మొత్తములు కలిసినచో పెద్ద కార్యము నడచునను సంగతి సీతారామయ్యగారు చక్కగా నెరిగినవారు. ఆ దినములలో పల్లెటూరి రైతు అప్పునకు వడ్డీవ్యాపారి గుమ్మము తొక్కవలసి వచ్చెడిది. పదిమంది పొదుపును ఒకచోట చేర్చినచో అది పదిమందికి ఉపయోగపడునని తలచి, 1923వ సంవత్సరము నవంబరులో వారు బందరున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. చెల్లింపబడిన మూలధనము ఒక లక్ష రూపాయలు. ఆ బ్యాంకు దినదినాభివృద్ధి చెంది, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమగు వరకు తొంబదియారేండ్లు నడచెను.

1930లో వారు బందరు సముద్రతీరమున ఉప్పు సత్యాగ్రహమును నడపి కారాగారమున కేగిరి. 1942 మొదలు దాదాపు మూడేండ్లు నెహ్రూ, పటేలు మొదలగు నాయకులతో గూడ అహమ్మదునగరు కోటలో బందీలై యుండిరి. 1935లో కాంగ్రెసు మహాసభ చరిత్రను ఇంగ్లీషున రచించిరి. 1948లో ఆ మహాసభకు అధ్యక్షులైరి. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండిరి.

ఇంగ్లీషున అంత పాండిత్యము గలిగియు, వారు తమ కార్డులను తెలుగుననే వ్రాసెడివారు. చిరునామా సైతము తెలుగుననే. జిల్లా పేరైనను ఇంగ్లీషున లేనిచో బట్వాడా ఆలస్యమగునని తపాలా శాఖవారు వారికి సూచించిరట. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఉత్తరములను వేరుచేయు ఉద్యోగి తెలుగు రానివాడైనచో కార్డు దారితప్పవచ్చును. కాని బందరునుండి గుడివాడకో దివిసీమలోని పల్లెకో పోవు కార్డు సంగతి యేమి? వ్రాయువాడు తెలుగువాడు, అందుకొనువాడు తెలుగువాడు, ఇంటింటికి దెచ్చి యిచ్చువాడును తెలుగువాడే. అట్టిచోట తెలుగు అక్షరము అడ్డమగుట యెట్లు? తమకు ఇంగ్లీషు, హిందీ, తెలుగు మూడును సమానమేయనియు, భాషకు తగినట్లు నియమమే మారవలెననియు సీతారామయ్యగారు సమాధానమిచ్చిరని చెప్పుదురు.

వాడిన బిళ్లను మరల వాడకుండునట్లు తపాలా కచేరీలో దానిపై నల్లని ముద్ర వేయుదురు. ఆ ముద్రలో ఊరిపేరు, తేదీ యుండును. మచిలీపట్టణము ముద్రలో ఆ పేరు తెలుగున నుండవలెనని కూడ వారు పట్టుబట్టి సాధించిరని ప్రతీతి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట సామాన్యుని ఉత్తరముపై సామాన్యుని భాష కనబడవలెనని వారి కోరిక.

1959వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన సీతారామయ్యగారు పరమపదించిరి. 1997లో భారత తపాలా శాఖ వారి చిత్రముతో ఒక తపాలా బిళ్లను వెలువరించెను. ఒకనాడు ఏ శాఖతో వాదులాడిరో, ఆ శాఖయే వారి నిట్లు గౌరవించినది.

బాలబాలికలారా! సీతారామయ్యగారు చవుక కార్డును చిన్నచూపు చూడలేదు, పేదవాని పొదుపును చిన్నచూపు చూడలేదు, తల్లిభాషను చిన్నచూపు చూడలేదు. వారి పెద్దరికమునకు మూలము ఇదియే.