చేతులు కడుక్కోమన్నందుకు...

పోయినేడు మా అక్క కూతురికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, ముద్దుగా ఉంది. నాలుగో రోజున ఇంటికి పంపించేస్తామన్నారు. మూడో రోజు రాత్రి మా పిల్లకి చలిజ్వరం పట్టుకుంది. కుట్ల దగ్గర ఎర్రబడి, వాచి, చీము పట్టింది. నాలుగు రోజులనుకున్నది 22 రోజులయింది. 60 వేలలో అయిపోతుందనుకున్న పురుడు లక్షా 70 వేలు దాటింది. అక్క చేతి గాజులు నాలుగూ తాకట్టుకి వెళ్లాయి. పసిదానికి డబ్బాపాలే గతి అయ్యాయి.

ఈలోగా ఎన్ని మాటలో! పథ్యం సరిగ్గా చెయ్యలేదని ఒకరు, చల్లగాలి తగిలిందని ఒకరు, దిష్టి అని ఇంకొకరు. చివరికి తప్పంతా ఆ పిల్లదే అయింది. పక్కన కూర్చున్న నాకు మాత్రం ఒకటి కనిపించేది. కట్టు మార్చే అమ్మాయి ఒక మంచం దగ్గర పని చేసిన చేతులతోనే పక్క మంచం దగ్గరకి వచ్చేది. చేతులు కడుక్కోమ్మా అని అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే కోపమొచ్చి పిల్లను సరిగ్గా చూడరేమోనని మింగేసేదాన్ని. చీము అందువల్లే పట్టిందని నేను చెప్పలేను. అడగలేదే అన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

నిద్ర పట్టని ఆ రాత్రుల్లోనే, డిగ్రీలో మా జువాలజీ మేష్టారు చెప్పిన ఒక డాక్టరు గుర్తొచ్చారు. ఇంటికొచ్చాక ఆయన గురించి దొరికినంతా చదివాను. ఆయన పేరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

హంగరీ దేశంలోని బుడా పట్నంలో 1818 జులై 1న పుట్టారాయన. తండ్రి కిరాణా సరుకుల వ్యాపారి. లా చదువుదామని వియన్నా వెళ్లిన కుర్రాడు మనసు మార్చుకుని వైద్యంలో చేరాడు. 1846లో వియన్నా జనరల్ ఆస్పత్రి పురుళ్ల విభాగంలో అసిస్టెంటు అయ్యాడు.

అక్కడ పురుళ్ల వార్డులు రెండు. మొదటిదాంట్లో పురుళ్లు పోసేది డాక్టర్లు, వైద్య విద్యార్థులు. రెండోదాంట్లో పని నేర్చుకునే మంత్రసానులు. ఒకరోజు వచ్చినవాళ్లని ఒక వార్డులో, మర్నాడు వచ్చినవాళ్లని రెండో వార్డులో చేర్చుకునేవారు. వచ్చేదంతా బీదవాళ్లే. 1846లో మొదటి వార్డులో నూటికి 11 మంది తల్లులు చనిపోయారు, ఎక్కువగా బాలింత జ్వరంతోనే. మంత్రసానుల వార్డులో ముగ్గురు కూడా లేరు. ఈ సంగతి ఊరంతా తెలుసు. మొదటి వార్డులో వెయ్యొద్దని ఆడవాళ్లు మోకాళ్ల మీద పడి ఏడ్చేవారట. దారిలో రోడ్డు మీద ప్రసవించి వచ్చినవాళ్లు కూడా వాళ్లకన్నా క్షేమంగా ఉండేవారు.

పెద్ద డాక్టర్లకు కారణాలకేం కొదవ! గాలి మంచిది కాదన్నారు. మగ డాక్టర్లు చూస్తే సిగ్గుతో జ్వరం వస్తోందన్నారు. చావు ప్రార్థనలు చదివే మతగురువు గంట మోగించుకుంటూ పోతుంటే ఆ భయానికి పోతున్నారన్నారు. సెమ్మెల్‌వైస్ ఒక్కొక్కటీ పరీక్షించి చూశారు. మతగురువుని గంట లేకుండా వేరే దారిన రమ్మన్నారు. తల్లులను పక్కకు తిప్పి పడుకోబెట్టి పురుడు పోయించారు. చావులు ఆగలేదు.

1847 మార్చిలో సెలవు మీద వెనిస్ వెళ్లి తిరిగొచ్చేసరికి స్నేహితుడు డాక్టర్ కొలెచ్కా లేడు. శవపరీక్ష చేయిస్తుండగా విద్యార్థి చేతిలోని కత్తి ఆయన వేలికి గుచ్చుకుంది. ఆ విషమే ఒళ్లంతా పాకి చంపేసింది. ఆయన శవపరీక్ష నివేదిక చదువుతుంటే సెమ్మెల్‌వైస్‌కి ఒళ్లు జలదరించింది. బాలింతల శరీరాల్లో కనిపించినవన్నీ అందులోనూ ఉన్నాయి.

అప్పుడర్థమైంది ఆయనకి. డాక్టర్లు, విద్యార్థులు పొద్దున్నే శవాలను కోసి, అక్కణ్ణించి తిన్నగా పురుళ్ల వార్డుకి వస్తున్నారు. సబ్బుతో కడిగినా ఆ వాసన పోదు. మంత్రసానులు శవాల జోలికి వెళ్లరు.

ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. చావింటికి వెళ్లొచ్చినవాళ్లని నెత్తిన నీళ్లు పోసుకోనిదే గడప తొక్కనిచ్చేది కాదు. అదే అమ్మమ్మ బాలింతకి మాత్రం అంటు అని పాతగుడ్డలిచ్చి మూలగదిలో పడుకోబెట్టేది. అక్కడా ఇక్కడా మైల తల్లిదే అనుకున్నారు. మైల ఆమెను ముట్టుకున్న చేతులకు ఉందని చెప్పినవాడు సెమ్మెల్‌వైస్. తను కూడా ఎందరు తల్లులను తన చేతులతోనే సాగనంపాడో తలుచుకుని కుమిలిపోయాడు. ఆ మాట దాచుకోకుండా రాశాడు కూడా.

1847 మే నెలలో వార్డు గుమ్మంలో క్లోరిన్ సున్నం కలిపిన నీళ్లు పెట్టించారు. మన బ్లీచింగ్ పౌడరు లాంటిదే. అందులో చేతులు కడుక్కోనిదే ఎవరూ తల్లిని ముట్టుకోకూడదన్నారు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన వార్డులో జూన్‌లో ఇద్దరు, జులైలో ఒకరు. 1848లో రెండు నెలలైతే ఒక్క చావూ లేదు.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. 1847 అక్టోబరులో మొదటి మంచం మీద గర్భసంచి క్యాన్సర్ ఉన్న ఆవిడ ఉంది. ఆమెను పరీక్షించి, ఆ చేతులతోనే వరసగా 12 మందిని చూశారు. 11 మంది పోయారు. శవం నుంచే కాదు, బతికున్న మనిషి నుంచి కూడా పక్క మంచానికి విషం పాకుతుందని అలా తెలిసింది. ఆ తర్వాత మనిషికీ మనిషికీ మధ్య చేతులు కడగాల్సిందే అన్నారు.

ఇంత చేసినవాణ్ణి నెత్తిన పెట్టుకోవాలి కదా! 1849లో ఉద్యోగం పొడిగించలేదు. తమ చేతులే తల్లులను చంపాయంటే ఒప్పుకోవడం ఎంత పెద్దవాళ్లకైనా కష్టమే. క్రిముల సంగతి అప్పటికింకా తెలియదు. ఆయన కూడా వివరంగా రాయడానికి బద్ధకించారు. పుస్తకం వచ్చింది 1861లో. 1850లో స్నేహితులకైనా చెప్పకుండా వియన్నా వదిలి పెస్ట్ నగరం వెళ్లిపోయారు. అక్కడి ఆస్పత్రిలో 1851 నుంచి 1857 వరకు 933 పురుళ్లలో బాలింత జ్వరంతో పోయింది 8 మందే.

1857లో మరియాను పెళ్లాడారు. అయిదుగురు పిల్లలు పుడితే ఇద్దరు పసితనంలోనే పోయారు. పుస్తకాన్ని పెద్దలు పట్టించుకోకపోతే వాళ్లని హంతకులంటూ బహిరంగ లేఖలు రాశారు. మనసు చెదిరింది. 1865లో వియన్నాలోని పిచ్చాసుపత్రిలో చేర్చారు. పారిపోబోతే కాపలావాళ్లు కొట్టారంటారు. గాయం చీము పట్టి, రక్తం విషమై ఆగస్టు 13న కన్నుమూశారు. 47 ఏళ్లు. ఏ విషంతో పోరాడారో దానికే బలయ్యారు. సరిగ్గా ముందురోజే గ్లాస్గోలో లిస్టర్ అనే డాక్టరు ఒక కుర్రాడి కాలి గాయానికి కార్బాలిక్ ఆమ్లంతో కట్టు కట్టారు. వైద్యలోకం ఆ దారిలో నడిచింది. బుడాపెస్ట్ వైద్య విశ్వవిద్యాలయానికి 1969లో సెమ్మెల్‌వైస్ పేరు పెట్టుకున్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. మనలాంటి దేశాల్లో ఆస్పత్రిలో చేరిన నూటికి 15 మందికి అక్కడే కొత్తగా ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ అంటుకుంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఆ లెక్కల్లో మా అక్క గాజులు లేవు. రెండు విడిపించింది, రెండు ఇంకా షాపులోనే ఉన్నాయి.

పోయిన నెల మా పక్కింటావిడకి తోడుగా ఆస్పత్రికి వెళ్లాను. కట్టు మార్చడానికొచ్చిన నర్సుని, ఏమనుకోకు తల్లీ, ఒక్కసారి చేతులు కడుక్కుని రామ్మా అన్నాను. గుండె దడదడలాడింది. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు, కుళాయి దగ్గరకి వెళ్లింది. నేనూ ఆమె వెనకాలే వెళ్లి నా చేతులు కడుక్కున్నాను. బస్సు దిగి వచ్చిన చేతులు కదా అవి.