చిలికా సరస్సు బురదను చూసిన నెల్సన్ అనండేల్

ఈసారి గోడపత్రికకు నేను నెల్సన్ అనండేల్ అనే శాస్త్రవేత్త జీవితం రాస్తున్నాను. మన సైన్సు పుస్తకంలో ఈయన లేరు.

అనండేల్ గారు 1876 జూన్ 15న స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించారు. తండ్రి పేరున్న ఆపరేషన్ల డాక్టరు. కాబట్టి చదువు ఇంట్లోనే ఉంది. (మా ఇంట్లో మొదటి పుస్తకం నేను తెచ్చిందే.) ఆక్స్‌ఫర్డులో చదివి, మలయా అడవుల్లో తిరిగి, 1904లో కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉద్యోగానికి వచ్చారు. 1907లో దానికి పెద్ద అధికారి అయ్యారు.

ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది చిలికా సరస్సు పని. చిలికా ఒడిశాలో సముద్రం పక్కనే ఉంది. మధ్యలో ఒక ఇసుక కట్ట అడ్డం ఉంటుంది. దాని దక్షిణం ఒడ్డున ఉన్న రంభ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో ఇప్పటికీ తెలుగువాళ్ళు ఉన్నారు.

వానకాలం మహానది పాయలు వరద నీళ్ళు తెచ్చి పోస్తయి. అప్పుడు సరస్సు 1,100 చదరపు కిలోమీటర్లు దాటి పొంగుతుంది. నీళ్ళలో ఉప్పు బాగా తగ్గుతుంది. ఎండకాలం వచ్చేసరికి సరస్సు 900 చదరపు కిలోమీటర్ల దాకా కుంచించుకుపోతుంది, సముద్రం నీళ్ళు లోపలికి వచ్చి ఉప్పగా అయితది. మరి అడుగు బురదలో ఉండే చిన్న జీవులు ఎట్ల బతుకుతాయి? మనం సెలవులకు ఇంటికి పోయి హాస్టల్‌కు తిరిగి వస్తేనే రెండు రోజులు అన్నం సయించదు కదా.

ఒక్క కాలంలో చూస్తే సగమే తెలుస్తుంది. అందుకని అనండేల్ గారు స్టాన్లీ కెంప్ అనే ఆయనతో కలిసి 1914 ప్రాంతంలో వేరు వేరు కాలాల్లో అక్కడికి వెళ్ళి జీవులను పట్టారు. కొన్ని జీవులు రెండు రకాల నీళ్ళనూ ఓర్చుకుని ఏడాదంతా ఉంటాయి. కొన్ని ఉప్పు నీళ్ళతో వచ్చి, వరద రాగానే తగ్గిపోతాయి.

అన్నీ ఆయన ఒక్కరే చూడలేదు. బురదలోని నులిపురుగుల గురించి స్టూవర్ట్ అనే ఆయన 1914లో రాశారు. నులిపురుగులంటే మన కడుపులోవి అనుకోకండి. ఇవి ఎవరినీ పట్టుకోకుండా బురదలో సొంతంగా బతికేవి. చాలావరకు ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లే ఉంటాయి. బురదలోని బాక్టీరియాను తింటాయి. వీటిని రొయ్యలు, చిన్న చేపలు తింటాయి. ఆ చేపల మీద జాలరులు బతుకుతారు. కోపిపోడ్లు అనే చిన్న జీవుల మీద సెవెల్ గారి రచన 1924లో వచ్చింది.

1916 జూలై 1న భారత జంతు సర్వే సంస్థ ఏర్పడింది. దానికి మొదటి డైరెక్టరు అనండేల్ గారే. కానీ ఒక సంగతి నాకు నచ్చలేదు. జంతువులు చూసే ఆ ఆఫీసులోనే మనుషులను గురించిన విభాగం కూడా పెట్టారు. ఆయన మలయాలో అడవి మనుషుల కొలతలు తీసుకున్నారు. కలకత్తాలో 200 మంది ఆంగ్లో ఇండియన్ల ఎత్తు కొలిచారు. ఆ లెక్కల మీదనే మహలనోబిస్ గారు 1922లో వ్యాసం రాశారు. లెక్కల శాస్త్రానికి అది మేలే. కానీ మా తండాకు వచ్చి మా నానమ్మ తలకు టేపు పెడితే ఆమె ఊరుకోదు. నులిపురుగును అడగనక్కర లేదు, మనిషిని అడగాలె.

అనండేల్ గారు 1924 ఏప్రిల్ 10న కలకత్తాలో మరణించారు. అప్పటికి ఆయనకు 47 ఏళ్ళే. చిలికా రచనలు అప్పటికింకా వస్తూనే ఉన్నాయి.

తర్వాత మన తెలుగు తీరంలోనూ ఈ పని జరిగింది. వాల్తేరు ఒడ్డున ఇసుక రేణువుల సందుల్లో బతికే జీవుల గురించి ఆంధ్రా యూనివర్సిటీకి చెందిన గణపతి గారు, చంద్రశేఖరరావు గారు 1962లో వ్యాసం అచ్చువేశారు.

నేను ఇంతవరకు సముద్రం చూడలేదు. నారింజ వాగు బురద ఒక సీసాలో తెచ్చి పెట్టిన. వానలు పడ్డాక ఇంకో సీసా తెస్తా. సైన్సు మేడం సోమవారం సూక్ష్మదర్శిని బయటికి తీస్తామన్నారు.