హార్వర్డ్ ఇవ్వని డిగ్రీ.. మేరీ కాల్కిన్స్ పట్టుదల

అమెరికాకు చెందిన మేరీ విటన్ కాల్కిన్స్ 1863లో పుట్టారు. వెల్స్‌లీ మహిళా కాలేజీలో గ్రీకు పాఠాలు చెబుతూ సైకాలజీ వైపు వచ్చారు. 1891లో అక్కడే సైకాలజీ ల్యాబ్ పెట్టారు.

అప్పట్లో హార్వర్డ్‌లో ఆడవాళ్లకు అడ్మిషన్ లేదు. తండ్రి వెళ్లి అడిగాక క్లాసుల్లో కూర్చోనిచ్చారు గానీ, స్టూడెంట్‌గా లెక్కలోకి తీసుకోలేదు. అక్కడే ఆమె రంగును, అంకెను జతగా చూపించి, మనిషికి ఏది ఎందుకు గుర్తుంటుందో పరీక్షించారు. మళ్లీ మళ్లీ చూసిందే బాగా గుర్తుంటుందని తేల్చారు.

1895లో పీహెచ్‌డీ పరీక్షలో ప్రొఫెసర్లు ఆమెను పాస్ చేశారు. యూనివర్సిటీ మాత్రం ఆడమనిషని డిగ్రీ ఇవ్వలేదు. 1902లో ర్యాడ్‌క్లిఫ్ మహిళా కాలేజీ పేరుతో ఇస్తామన్నారు. చదివింది హార్వర్డ్‌లో కదా అని ఆమె వద్దన్నారు.

1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1930లో కన్నుమూశారు. ఆ డిగ్రీ మాత్రం చేతికి రానేలేదు.